మా తాన బొమ్మ వస్తాంది

"రిమోట్ల సెల్లులు ఎవలు తీసిన్రు?"

శుక్రవారం మిట్టమధ్యాహ్నం కాకముందే మా ఇంట్లో మొదలైన గొడవ ఇది. మా ఆయన మన్నాన్ స్నానం చేసి, తెల్ల కుర్తా గుండీలు పెట్టుకుంటూ, రిమోటు వెనక మూత తీసి ఖాళీగా ఉన్న రెండు గుంతలనూ అందరికీ చూపిస్తున్నాడు.

"గడియారం ఆగింది. అందుల ఏసిన," అన్నాను వంటింట్లోంచి.

"గడియారానికి ఒక్కటే సెల్లు. రెండోది ఏది?"

"ఉంటది ఏడనో. దొరుకుతది తియ్యి."

"దొరుకుతదంటే? కోడా అది, పొద్దూకంగనే ఇంటికొస్తానికి?"

పదకొండేళ్ళ మా రహీల్ పకపకా నవ్వాడు. "అబ్బా, అమ్మీ దాసింది. సూడు, అబద్ధం చెప్తే అమ్మీ ముక్కు ఎర్రగైతది."

మా అత్తగారు తస్లీం బీ మంచం మీద తస్బీహ్ పూసలు తిప్పుతూనే కసిరింది. పిల్లలతో పాటు నేనూ ఆమెను దాదీ అనే పిలుస్తాను. "జుమ్మా పూట ఏం లొల్లిరా? ఒక్క సెల్లు కోసం ఇల్లు పీకి పందిరేస్తున్నవ్."

"ఒక్క సెల్లు గాదమ్మా. ఎల్లుండే బిస్మిల్లా. పిల్ల టీవీల పాఠం వినాలె కద," అని మన్నాన్ టీవీకి ఉన్న మీటనే నొక్కి గొంతు పెంచి, రహీల్‌ను తీసుకుని మసీదుకు వెళ్ళిపోయాడు. ఇంత గొడవ జరిగినా టీవీకి జానెడు దూరంలో కూర్చున్న అనం మా ఎవరి వైపూ తల తిప్పలేదు. నాలుగేళ్ళ నాలుగు నెలల పిల్ల.

రెండో సెల్లు జీలకర్ర డబ్బాలో ఉంది. రాత్రి నేనే వేశాను. ఎందుకు వేశానో ఎవరైనా గట్టిగా అడిగితే ఏం చెప్పాలో నాకే తెలియదు. రిమోటు లేనంత మాత్రాన టీవీ ఆగదని తెలుసు, దానికి మీటలున్నాయని తెలుసు, అయినా నిన్న అందరూ పడుకున్నాక రెండు సెల్లులూ ఊడదీసి ఒకటి గడియారంలో పెట్టి, రెండోదాన్ని చేతికందిన డబ్బాలో వేసి మూతపెట్టాను. చెప్పవలసిన మాట చెప్పలేక నేను చేయగలిగిన పని అంతవరకే. ఇప్పుడు దాల్చాలోకి పోపు వేద్దామని డబ్బా తెరిస్తే జీలకర్ర మధ్య అది సగం మునిగి ఉంది. పక్కకు జరిపి చెంచాతో జీలకర్ర తీసుకుని మళ్ళీ మూతపెట్టాను. బుధవారం నాడు పట్నం పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చెప్పిన మాటల్ని కూడా ఈ మూడు రోజులుగా అలాగే పక్కకు జరుపుతూ వంట చేస్తున్నాను. వాళ్ళు మసీదు నుంచి వచ్చేసరికి రెండవుతుంది. దస్తర్‌ఖాన్ పరిచి అందరం కూర్చుంటాం. ఇవాళ కాకపోతే రేపు శనివారం, కుత్బుల్లాపూర్ నుంచి ఆడపడుచులు దిగుతారు, ఇల్లు నిండిపోతుంది, ఇక చెప్పడానికి చోటు ఉండదు. చెప్పాలంటే ఈ గంటే.

కరెంటు పన్నెండింటికే పోయింది. ఈ ఎండాకాలం రోజూ ఇంతే, పన్నెండు నుంచి రెండు దాకా మా ఊరు గౌడవెల్లి అంతా చప్పుడు లేకుండా పడి ఉంటుంది, పిండి గిర్నీ ఆగిపోతుంది, ఫ్యాన్లు ఆగిపోతాయి, జనం వాకిళ్ళలోకి వచ్చి విసనకర్రలు పట్టుకుంటారు. మా ఇంట్లో మాత్రం టీవీ ఆగదు. మూలన ఇన్వర్టరు జుయ్యిమని మూలుగుతూ దాన్ని బతికిస్తుంది. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో సొంత ఫ్యానే లేదు, మన్నాన్ మేడ్చల్ దాటి మాత్రల ఫ్యాక్టరీకి సైకిలు మీద పోయేవాడు. రెండువేల తొమ్మిదిలో, అనం కడుపులో ఉండగా, ఈ ఊరి కేబులు నడిపే ఆయన నడపలేనని వదిలేస్తుంటే మన్నాన్ దాన్ని తీసుకున్నాడు. పిల్ల పుట్టిన నెలలోనే ముందు గదిలోకి ఈ పెద్ద టీవీ వచ్చింది. అది చూడటానికి తెచ్చింది కాదు. పని కోసం తెచ్చింది. ఊళ్ళో ఎవరింట్లో బొమ్మ రాకపోయినా ఫోన్ కొడతారు. అప్పుడు మా ఇంట్లో బొమ్మ వస్తుంటే తప్పు వాళ్ళ వైరుది, మా ఇంట్లోనూ రాకపోతే తప్పు మెయిన్ లైనుది. మన్నాన్ ఏ స్తంభం మీద ఉన్నా నాకు ఫోన్ చేసి ఒకే మాట అడుగుతాడు. "బొమ్మ వస్తాందా?" నేను వంటింట్లోంచి తొంగిచూసి "వస్తాంది" అంటాను. పెట్టేస్తాడు. రోజుకు పదిసార్లు, ఇరవైసార్లు. వెనుకటికి ఫ్యాక్టరీలో మధ్యాహ్నం గంట కొట్టగానే ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటి యాదవ్వ వాళ్ళింటికి ఫోన్ చేసి "తిన్నవా" అని అడిగేవాడు. ఆ మాట ఎప్పుడు మారిందో నేను గమనించలేదు. అందుకే పొద్దున ఐదింటికి పెట్టిన టీవీని రాత్రి పదకొండింటికి గానీ తీయం. దానికి ఒక చానెల్ అని లేదు, వార్తలు, సీరియళ్ళు, బొమ్మల సినిమాలు, ప్రకటనలు, మా ఆయన నడిపే ఊరి చానెల్, ఏది ఉంటే అది. ఊరి చానెల్‌లో తెర కింద పాకే తెలుగు రాతలు నేనే రాసిస్తాను. శ్రీనివాస్ కిరాణంలో సన్నబియ్యం వచ్చాయి అని, దేవరయాంజాల్ గుళ్ళో కల్యాణం ఫలానా రోజు అని. ఒత్తు తప్పయితే మన్నాన్‌తో మళ్ళీ కొట్టించేదాన్ని. బి.ఏ.లో తెలుగు స్పెషల్ చదివినదాన్ని, తురకోళ్ళ పిల్లకు మొదటి మార్కా అని మేడ్చల్ కాలేజీలో ఆశ్చర్యపోయిన సార్ల ముఖాలు ఇంకా గుర్తున్నాయి. ఎక్కడ పొల్లు పోయినా నా కంటికి ఇట్టే కనబడుతుంది. తప్పు పట్టడంలో సాలేహాను మించినవాళ్ళు లేరని మా పుట్టింట్లో పేరు.

ఫోన్ మోగుతోంది. ఇంట్లో ఉండే రెండో ఫోన్, కంప్లైంట్ల ఫోన్. పోపు మాడకుండా గిన్నె దించి ఎత్తాను. ఊరి చివర ఈదమ్మ. ఆమె కొడుకు ఇంటికి చిన్న బ్యాటరీ పెట్టించాడు కాబట్టి కరెంటు లేని వేళ కూడా ఆమె ఒక్కతే ఫోన్ చేస్తుంది.

"బిడ్డా, బొమ్మ వస్తలేదే. అంతా ఇసుక పోసినట్టు కనవడ్తాంది. మీ తాన వస్తాందా?"

"మా తాన వస్తాందవ్వా. నీ బాక్సు వెనుక పిన్ను ఒకపారి ఒత్తి సూడు."

"నాకేడ ఒత్తొస్తది, కోడల్ని ఒత్తుమంటే నన్నొత్తుతది," అని నవ్వి పెట్టేసింది. మా తాన వస్తాంది. ఈ మాట నాలుగేళ్ళలో ఎన్ని వేలసార్లు అన్నానో. గుమ్మంలో నిలబడి అన్నాను, నా చూపు టీవీ మీదే ఉంది, టీవీకీ నాకూ మధ్య అనం వీపు ఉంది. ఎర్ర గౌను, రెండు పిలకలు, మెడ మీద చెమట. ఆ వీపును కూడా అన్ని వేలసార్లూ చూసి ఉంటాను. బొమ్మ వస్తోందో లేదో చూశాను.

రహీల్ పుట్టినప్పుడు ఇంట్లో ఏమీ లేదు. పక్కింటి యాదవ్వ పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని వాడిని తన చాచిన కాళ్ళ మీద వేసుకునేది. "కాకి ఏదిరా? గా కాకి నీ మామ, సూడు ఎట్ల సూస్తుందో" అని గంటసేపు అర్థంపర్థం లేని మాటలు చెప్పేది. వాడి మొదటి మాట కాకి. పది నెలలకే కాకి అన్నాడు, తరువాత అవ్వ అన్నాడు, మూడోది అమ్మీ. మూడోదాన్నయినందుకు నాకు చిన్న ఉడుకుమోత్తనం కూడా. అనం పుట్టాక యాదవ్వ అలాగే వచ్చేది, కానీ ముందు గదిలో సీరియల్ వచ్చే వేళకు వచ్చేది. పిల్లను కాళ్ళ మీద వేసుకునేది, కళ్ళు టీవీ మీద ఉండేవి, పిల్ల కళ్ళూ అక్కడే ఉండేవి. నేనూ ఆమె పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలిచేదాన్ని. అబద్ధం ఎందుకు, సుఖంగా ఉండేది. రహీల్ ఒక్క నిమిషం కుదురుగా ఉండేవాడు కాదు, బియ్యంలో ఇసుక పోసేవాడు, బావి దగ్గరికి పరిగెత్తేవాడు. ఇది బంగారు తల్లి, కూర్చోబెడితే కూర్చున్నచోటే ఉంటుంది, ముద్ద పెడితే నోరు తెరుస్తుంది, ఏడవదు, ఎత్తుకోమనదు. చుట్టాలకు గొప్పగా చెప్పేదాన్ని. యాదవ్వే ఒకరోజు, పిల్లకు రెండేళ్ళు దాటాక, చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని మెల్లగా అన్నది. "సాలేమ్మా, కోపానికి రాకు. గీ పిల్ల పిలుస్తే పలుకుతలేదేంది?" నాకు ఒళ్ళు మండింది. "నీ కంఠం టీవీ కంటే ఎక్కువ లేస్తే కద, పలుకుతానికి" అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ తరువాత రెండు నెలలు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె సీరియలు చూడటానికి రావడం మానేసింది. నిజంగా గమనించిన మనిషి ఆమె. డిగ్రీ లేదు.

అల్లాహు అక్బర్. జుమ్మా అజాఁ. మైకు మసీదు బ్యాటరీ మీద నడుస్తుంది, గొంతు కొంచెం బొంగురుగా వస్తోంది. చెయ్యి తుడుచుకుని కొంగు తల మీద వేసుకుని ముందు గదికి వెళ్ళి టీవీ గొంతు మూశాను. మా ఇంట్లో ఇది దాదీ పెట్టిన కట్టడి. అజాఁ వినబడితే టీవీ నోరు మూయాలి, శుక్రవారమైతే నమాజు ముగిసేదాకా తెరవకూడదు. బొమ్మను మాత్రం ఆపం, బొమ్మ మా ఆయన పనిది. దేవుడికీ కేబులుకూ మధ్య మేం చేసుకున్న సర్దుబాటు అది. అనం మొదటి మాట ఈ సర్దుబాటు లోంచే వచ్చింది. నిరుడు వానాకాలం, సాయంత్రం అజాఁ వేళ, గొంతు మూసి నేను గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద ఎవరో ఆడమనిషి తెల్లచొక్కా దులుపుతోంది. ఆ నిశ్శబ్దంలో సన్నగా, తేనె చుక్కలా, "మరకలు మాయం, మెరుపు ఖాయం" అని వినబడింది. నా పిల్ల గొంతు. మూడున్నరేళ్ళకు మొదటిసారి విన్నాను. ఎంత స్పష్టంగా అంది, ఖకు ఒత్తు కూడా పలికింది. పరిగెత్తుకుంటూ వచ్చి ఎత్తుకుని తిరిగాను, దాదీ కన్నీళ్ళు పెట్టుకుంది, మన్నాన్ స్తంభం దిగి వచ్చేశాడు. యాదవ్వ ఇంటి ముందుకు పోయి మరీ చెప్పాను, చూశావా నా పిల్ల మాట్లాడింది అని. ఆమె "సల్లగుండాలె" అని పిల్ల తల నిమిరింది, ఇంకేమీ అనలేదు. ఆ వారమంతా ఇంటికి ఎవరు వచ్చినా మన్నాన్ ప్రకటన వచ్చేదాకా కూర్చోబెట్టి గొంతు మూసేవాడు, పిల్ల అనేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. అమ్మీ అని ఎప్పుడంటుందా అని నేను ఎదురుచూశాను. అమ్మీ అన్న మాట ప్రకటనల్లో రాదు.

బిస్మిల్లా ఆలోచన దాదీది. పిల్లకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు పట్టుబట్టలు కట్టి, పూలదండ వేసి, మసీదు హాఫిజ్ సాబ్ ఎదుట కూర్చోబెట్టి మొదటి చదువు మాటలు చెప్పిస్తారు. ఆయన ఒక్కొక్క ముక్క అంటే పిల్ల వెంట అనాలి. మా యాదవ్వ వాళ్ళ అక్షరాభ్యాసం లాంటిదే, పలక బదులు నాలుక. రహీల్ తన బిస్మిల్లాలో హాఫిజ్ సాబ్ గడ్డం పట్టుకుని లాగి, ఆయన ఉఫ్ అంటే వీడూ ఉఫ్ అని, ఇల్లంతా నవ్వించాడు. అనం ఎట్లా అంటుంది, పిలిస్తే చూడని పిల్ల అని నేను దిగులుపడుతుంటే రెండు నెలల కింద దాదీయే దారి చూపింది. "టీవీల ఏమొస్తే గదంటది కద. హాఫిజ్ సాబ్‌నే టీవీల పెట్టుర్రి." మన్నాన్‌కు మెరుపు మెరిసినట్టయింది. సొంత చానెల్ ఉన్నవాడు. పెళ్ళిళ్ళకు వీడియో తీసే చక్రపాణిని కెమెరాతో తీసుకుని మసీదుకు వెళ్ళి హాఫిజ్ సాబ్ చేత ఆ మాటలన్నీ మెల్లగా చెప్పించి డిస్కు చేయించాడు. ఎండాకాలం దుమ్ము, ముసలాయనకు మధ్యలో చిన్న దగ్గు వచ్చింది. ఇంకోసారి తీద్దామంటే, "దగ్గితే గునా కాదు, పాపమేం లేదు బేటా" అన్నాడట. అప్పటి నుంచి పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ ఊరి చానెల్‌లో హాఫిజ్ సాబ్. ఊరంతా విన్నది. యాదవ్వ కూడా పొలానికి పోతూ "నాగ్గూడ మొత్తం నోటికొచ్చింది, నాక్కూడ బిస్మిల్లా జేస్తవా మన్నాన్" అని నవ్వించింది. ఇరవై రోజుల కిందట అనం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం తప్పు లేదు. దాదీ మూడు రోజులు ఉపవాసం ఉండి మొక్కు తీర్చుకుంది. లడ్డూలు చుట్టడానికి ఈదమ్మ కోడలికి చెప్పారు. ఆకుపచ్చ షరారా కుట్టించారు.

ఇప్పుడు కూడా అదే డిస్కు తిరుగుతోంది, మన్నాన్ పెట్టి వెళ్ళాడు. గొంతు లేదు. తెర మీద తెల్లగడ్డం పెదవులు కదులుతున్నాయి. మసీదు మైకులో ఖుత్బా ప్రసంగం వినబడుతోంది, పక్కింటి కోడి అరుస్తోంది, దూరంగా రైలు పోతోంది. వీటన్నిటి మధ్యా నా పిల్ల గొంతు, అదే తేనె చుక్క. బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీం. రబ్బి యస్సిర్. ఇక్కడ ఆగింది, కుడిచెయ్యి పిడికిలి నోటి దాకా తెచ్చి, ఖుహు ఖుహు అని రెండుసార్లు దగ్గింది, డెబ్బై ఏళ్ళ మనిషి దగ్గు, మళ్ళీ మొదలుపెట్టింది. మొదటిసారి ఆ దగ్గు విన్న రోజు అందరూ పడీపడీ నవ్వారు, పిల్ల తెలివి చూడండి, దగ్గు కూడా వదల్లేదని. నేనూ నవ్వబోయాను. సగంలో నా కాళ్ళు చల్లబడ్డాయి. మరకలు మాయం నాడు రావలసిన చలి అది. దగ్గును మాట అనుకునే పిల్లకు మాట అంటే ఏమిటో తెలుసా? దానికి రెండూ ఒకటేనా? ఆ రాత్రంతా ఆలోచించాను. రెండు వారాలకు పైగా వెనకాడి, చెవుల పరీక్ష అని ఇంట్లో చెప్పి మొన్న బుధవారం నాడు మేడ్చల్‌లో బస్సెక్కాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు వెనక నుంచి అనం, అనం అని పిలిచింది, ఇది తిరగలేదు. తరువాత వెనకే బిస్కెట్ పొట్లం నలిపింది, గిరుక్కున తిరిగింది. చెవులు బాగున్నాయమ్మా అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆమె పీల్చుకోలేదు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడిగింది. దాదీతో ఉర్దూ, బయట తెలుగు, మా ఆయనతో అటు మొదలై ఇటు ముగుస్తుంది అన్నాను. పిల్లతో అని అడిగింది. పిల్లతో. తిను, లే, పడుకో. ఇంట్లో ఎక్కువసేపు మాట్లాడేది ఎవరు అని అడిగింది, నా తల దానంతట అదే వంగింది. దాహమైతే ఎట్లా అడుగుతుంది? నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి కడవ మీద పెడుతుంది డాక్టరమ్మా, చాలా తెలివి అన్నాను. అప్పుడు మీ ముఖం వంక చూస్తుందా? నేను నోరు తెరిచాను. చూస్తుంది అనబోయాను. గుర్తు తెచ్చుకున్నాను. వంటింట్లో, వాకిట్లో, రాత్రిపూట, జ్వరంలో. పిల్ల చేతిలో నా చెయ్యి ఉంది, దాని కళ్ళు కడవ మీద ఉన్నాయి. నా ముఖం మీద ఎప్పుడున్నాయి? పాలు తాగేప్పుడు చూసేదా? అప్పుడు నా కళ్ళు ఎక్కడున్నాయి? నాలుగేళ్ళు నా చేతిని ఒక గరిటెలా వాడుకున్న పిల్లను నేను తెలివైనది అనుకున్నాను. గమనించే మనిషినట.

టీవీ వల్లనేనా డాక్టరమ్మా? ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాను. వల్లనే అంటే నన్ను ఉరితీసినట్టు ఉండేది, కాదు అంటే విడిచిపెట్టినట్టు ఉండేది. ఆమె రెండూ చేయలేదు. "అట్లా ఒక్కదాని మీద పెట్టి చెప్పలేనమ్మా. కొందరు పిల్లలు వచ్చేటప్పుడే ఇట్లా వస్తారు. కానీ టీవీ నుంచి వచ్చేది తిరిగి అనడం మాట్లాడటం కాదు. ఈ పిల్లకు మనిషి ముఖం కావాలి, అదీ రోజంతా. ఇంట్లో టీవీ పూర్తిగా తీసేయండి. వారానికి మూడు రోజులు ఇక్కడికి తీసుకురండి. ఎంత వస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు." ఆదివారం మా పిల్లకు బిస్మిల్లా ఉంది, వందమంది వస్తారు అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆమె నా వంక చూసి, "అంతమంది మధ్య అది ఏమవుతుందో మీరే ఆలోచించండి" అంది. ఇంటికి వచ్చి చెవులు బాగున్నయట అని చెప్పాను. అది అబద్ధం కాదు. దాదీ అల్హందులిల్లా అని చేతులు పైకెత్తి పిల్ల నోట్లో చక్కెర పోసింది. మిగతా సగం నా గొంతులోనే ఉండిపోయింది. ఆదివారం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. షరారా కుచ్చుకుంటుందని ఏడుస్తుంది. హాఫిజ్ సాబ్ ఎదురుగా, తెరలో కాదు, కండతో ఎముకతో కూర్చుని అను బేటీ అంటాడు. ఇది ఆయన భుజం మీదుగా టీవీ కోసం వెతుకుతుంది. ఆడపడుచులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అప్పుడు మన్నాన్ లేచి టీవీ పెడతాడు, దాని వైపు తిప్పి కూర్చోబెడతాడు, అది గడగడా చదివి ఖుహు ఖుహు అంటుంది, వందమంది నవ్వుతారు. ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోతున్నాను, అనకపోవడమా, అనడమా.

దాదీ నమాజు ముగించి లోపలి గది నుంచి వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని. "విన్నవా? ఇంకోపారి జదివింది నా తల్లి. అది జదువుతుంటే మీ మామ గోరీల ఉండి వింటున్నడనిపిస్తది" అని కళ్ళు తుడుచుకుంది. పిల్ల ముఖాన్ని రెండు చేతులా తన వైపు తిప్పుకుని, "ఏదమ్మా, దాదీకి జెప్పు. బిస్మిల్లా..." అంది. అనం ముఖం తిరిగింది, కళ్ళు తిరగలేదు. కళ్ళు దాదీ చెవి పక్క నుంచి తెర మీదికి పోయాయి. "షరమ్ పడ్తాంది" అని దాదీ నవ్వి వదిలేసింది.

నేను ఇన్వర్టరు దగ్గరికి పోయి టీవీ వైరు లాగేశాను.

అనం గుండెలవిసేలా అరిచింది. మాట కాదు, అరుపు. తెర మీద చేతులతో కొట్టింది, నేల మీద పడి వెనక్కి విరుచుకుంది. దాదీ "ఏమైంది, ఏం జేసినవ్, పెట్టు పెట్టు" అని కంగారుపడింది. "సెల్లులు గాదు, వైరే బోయింది దాదీ" అన్నాను, ఇంకా అబద్ధమే. పిల్లను ఒళ్ళోకి తీసుకుంటే కరిచింది. పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో. గడియారం మాత్రం రిమోటు సెల్లుతో టకటకా నడుస్తోంది. అరిచి అరిచి అలిసిపోయి, లేచి నా చెయ్యి పట్టుకుని కడవ దగ్గరికి లాక్కుపోయింది. గ్లాసు నింపి దాన్ని నా కళ్ళ ముందు పట్టుకున్నాను. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "నీళ్ళు. అనం, నీళ్ళు. అమ్మీని సూడు." గ్లాసు వైపే చూసింది. గ్లాసును నా ముక్కు దగ్గరికి తెచ్చాను, నుదుటి దగ్గరికి తెచ్చాను. "నీళ్ళు" అన్నాను, "పానీ" అన్నాను, ఏ భాషలో అనాలో తెలియక రెండూ అన్నాను. నా చెయ్యి గుంజింది, గీరింది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, ఏడుపు మళ్ళీ మొదలైంది. ఇచ్చేశాను. తాగుతున్నంతసేపూ గ్లాసు అంచు మీదుగా దాని కనురెప్పలు చూశాను. ఎంత పొడుగు రెప్పలు! మా నాయనవి. ఇదీ ఇప్పుడే చూస్తున్నాను. తాగి గ్లాసు నా చేతిలో పెట్టి, వెళ్ళి ఆరిపోయిన టీవీ ముందు, పొద్దుటి చోటే, కూర్చుంది. నల్లటి అద్దంలో ఎర్ర గౌను ఒకటి, వెనక గుమ్మంలో ఒక ఆడమనిషి కనబడుతున్నాయి.

రెండుకు పది నిమిషాలు ఉండగా కరెంటు వచ్చింది, వెనకే వాళ్ళూ వచ్చారు. దస్తర్‌ఖాన్ పరిచాను, బగారా అన్నం, దాల్చా, ఉల్లిపాయ ముక్కలు. అందరం కూర్చున్నాం. రహీలే ముందు కనిపెట్టాడు. "టీవీ బందుంది!"

"నేనే తీసిన," అన్నాను. మన్నాన్ ముద్ద కలుపుతూ తలెత్తాడు. ఆగితే మళ్ళీ ఆగిపోతానని తెలుసు కాబట్టి దాల్చా వడ్డిస్తూనే చెప్పాను, డాక్టరమ్మ అన్నదంతా, కడవ సంగతి, ముఖం సంగతి, వారానికి మూడు రోజులు, ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేకపోవడం. సెల్లు జీలకర్ర డబ్బాలో ఉందని కూడా చెప్పాను. దాదీ ముద్ద కంచంలో వదిలేసింది.

"పాగల్ మాటలు. మాట రాని పిల్ల అల్లా కలామ్ జదువుతదా? చెప్పురా మన్నాన్. టీవీ పిల్లల్ని చెడగొడ్తే ఊర్ల పిల్లలందరు మూగోళ్ళే గావాలె. చుట్టాలకు ఏం జెప్తం? ఎల్లుండేనాయె!"

మన్నాన్ పిల్ల వీపు వంక చూశాడు. అప్పుడు, చీకటి తెరకు ఎదురుగా, మాకు వీపు పెట్టి కూర్చున్న అనం మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు, బొమ్మ లేదు, గొంతు లేదు. ఒక్కొక్క ముక్కా తప్పు లేకుండా. దాదీ ముఖం వెలిగింది, చూశారా అన్నట్టు వేలు లేపింది. రబ్బి యస్సిర్ దగ్గర పిల్ల ఆగింది. పిడికిలి నోటి దాకా పోయింది. ఖుహు ఖుహు.

రహీల్ అలవాటుగా నవ్వబోయి వాళ్ళ నాన్న ముఖం చూసి ఆగిపోయాడు.

"గా దగ్గు హాఫిజ్ సాబ్‌ది అమ్మా," అన్నాడు మన్నాన్. "మన పిల్లది గాదు. మొదటి దినమే నాకు సమజైంది. నోరు రాలే."

నేను అతని వంక చూశాను. ఇరవై రోజులు ఇద్దరం ఒకే చాప మీద పడుకుని ఒకే మాట దాచుకున్నాం. దాదీ వేలు మెల్లగా దిగింది.

అతని జేబులో ఫోన్ మోగింది. ఎడమచేత్తో తీసి చెవికి పెట్టుకున్నాడు. ఈదమ్మ గొంతు మా అందరికీ వినబడుతోంది. "కరెంటొచ్చింది గని ఇంక ఇసుకనే వస్తాంది మన్నాన్. మీ తాన బొమ్మ వస్తాందా?"

అలవాటు కొద్దీ మేం అందరం టీవీ వైపు చూశాం. మన్నాన్ ఒక్కడే చూడలేదు. అన్నం చేతిని కంచం అంచుకు తుడిచి, వాళ్ళ అమ్మ వంకే చూస్తూ ఫోన్‌లో అన్నాడు.

"తెల్వదవ్వా. మీ ఇంటికొచ్చి సూస్త. మా ఇంట్ల ఇగ టీవీ ఉండది, పొద్దూకి తీస్కపోయి చక్రపాణి దుకాణంల పెడ్తున్న. ఆదివారం మా తాన దావత్ గూడ లేదు. మీ కోడలు లడ్డూలు చుట్టనీకి రమ్మంటే ఒప్పుకున్నది కద, రావద్దని జెప్పు."